హార్డ్‌డిస్కుల కోసం లోన్ పెట్టే ముందు ఒక్కసారి ఫోల్డర్ సైజులు చూడండి

తణుకు నుంచి ఒక స్టూడియో ఓనర్ గారు అడిగారు. పదకొండేళ్ల పెళ్లిళ్ల ఫోటోలు 9 పోర్టబుల్ డిస్కుల్లో ఉన్నాయి, అన్నీ నిండిపోయాయి, నాస్ బాక్స్ (షాపు నెట్‌వర్క్‌కి తగిలించి వాడుకునే డిస్కుల పెట్టె) డిస్కులతో కలిపి 1,50,000 అవుతుందంటున్నారు, పర్సనల్ లోన్ తీసుకోనా లేక క్లౌడ్‌కి నెలనెలా కట్టనా అని. చివర్లో ఇంకో మాట రాశారు, ఫోటో వ్యూయర్‌లో ఫోల్డర్‌లో ఎన్ని ఫోటోలున్నాయో కనిపిస్తోంది గానీ ఎన్ని జీబీలో కనిపించట్లేదు, ఏది తీసేయాలో తెలీట్లేదు అని.

నాకైతే అసలు సంగతి ఆ చివరి మాటలోనే ఉందనిపించిందండి. ఏం ఎంత ఉందో తెలీకుండా చోటు కొంటున్నాం అంటే స్టాక్ చూడకుండా గోడౌన్ అద్దెకి తీసుకున్నట్టే కదా.

ముందు లోన్ లెక్క చూద్దాం. లక్షన్నర, 14 శాతం, 3 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 5,130 దగ్గర పడుతుంది, వడ్డీయే 34,000 పైమాట. అదొక్కటే అయితే పర్లేదు, కానీ మీ ఆదాయం ముహూర్తాలని బట్టి వస్తుంది, ఈఎంఐ మాత్రం ఆషాఢంలోనూ మూఢంలోనూ ఆగదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ ప్రిజంప్టివ్ పద్ధతిలో (ఖర్చుల లెక్కలు చూపకుండా, వచ్చిన డబ్బులో ఇంత శాతం లాభం అని చూపించడం) వేస్తున్నారనుకోండి, ఈ బాక్స్ మీద డిప్రిసియేషన్ (వస్తువు అరుగుదల ఖర్చు) విడిగా క్లెయిమ్ చేసుకోడానికి కూడా కుదరదు.

ఇప్పుడు సైజులు. ఫోల్డర్ సైజు చెప్పాలంటే లోపలి ఫైల్స్ అన్నీ, సబ్ ఫోల్డర్లతో సహా కూడాలి, పాత డిస్కు మీద దానికి టైమ్ పడుతుంది, అందుకే చాలా వ్యూయర్లు చూపించవు, విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో కూడా ఫోల్డర్ పక్కన సైజు కాలమ్ ఖాళీగానే ఉంటుంది. ఫోల్డర్ సైజులు చూపించే విన్‌డిర్‌స్టాట్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి, ఓపెన్ సోర్స్, షాపులో వాడినా డబ్బు కట్టక్కర్లేదు (ఇర్ఫాన్‌వ్యూ లాంటి ఫోటో వ్యూయర్లు ఇంట్లో వాడుకోడానికే ఫ్రీ, స్టూడియోలో అయితే లైసెన్స్ కొనాలి, అది గుర్తుంచుకోండి). డిస్కు సెలెక్ట్ చేస్తే పెద్ద ఫోల్డర్ నుంచి చిన్నదాకా వరసగా పెట్టేస్తుంది.

నేను ముందే చెప్తే మీరు ఒక డిస్కుకి ఇలా చేసి పంపిన స్క్రీన్‌షాట్ జూమ్ చేసి చూశాను. "పాలకొల్లు పెళ్లి ఫైనల్", "పాలకొల్లు పెళ్లి ఫైనల్ 2" రెండూ 3,412 ఫైల్స్, రెండూ 96 జీబీ. ఎప్పుడో భయంతో కాపీ కొట్టి మర్చిపోయుంటారు, అది కూడా అదే డిస్కులో, ఆ డిస్కు పోతే రెండూ పోతాయి. నాలుగు ఫోటోలు తెరిచి ఒకటే అని చూసుకుని రెండోది తీసేయండి. ఇలాంటివి మిగతా డిస్కుల్లో వెతకడానికి డిజికామ్ అనే ఫోటో ప్రోగ్రామ్ పనికొస్తుంది, అదీ ఫ్రీనే.

తర్వాత రా ఫైల్స్, అంటే కెమెరా నుంచి నేరుగా వచ్చే, ఎడిట్ చేయని ఒరిజినల్స్. ఒక్కోటి 25, 30 ఎంబీ, అదే ఫోటో జేపెగ్ అయితే దానికంటే చాలా చిన్నది. కరిజ్మా ఆల్బమ్ డెలివరీ అయి ఏళ్లు గడిచిన పెళ్లిళ్ల రా ఫైల్స్ మీకు ఒక్క రూపాయి కూడా తేవట్లేదు, పార్టీకి ఫోన్ చేసి చెప్పి తీసేయండి. జేపెగ్‌లు మాత్రం సెలక్షన్‌లో లేనివైనా సరే ఉంచండి, దయచేసి. మా పెదనాన్న గారు పోయినప్పుడు ఫ్రేమ్ కట్టించడానికి సరైన ఫోటో లేదు, పదేళ్ల కిందటి పెళ్లిలో భోజనాల దగ్గర తీసింది ఒకటి స్టూడియో ఆయన వెతికి ఇచ్చారు, ఆల్బమ్‌లోకి ఎక్కని ఫోటో అది. ఇప్పటికీ గోడ మీద అదే ఉంది.

ఇక నుంచి కొటేషన్‌లోనే ఒక లైన్ రాయండి, రా ఫైల్స్ ఏడాది వరకే ఉంచుతాం, ఆపైన కావాలంటే ఏడాదికి ఇంత అని. చాలామంది డిస్కు మేమే కొనిస్తాం, అందులో వేసివ్వండి, మేమే దాచుకుంటాం అంటారు, మంచిదే, ఆ ఖర్చు వాళ్లది అవుతుంది.

క్లౌడ్ సంగతి, 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నా 100 జీబీ ఎక్కడానికి అయిదున్నర గంటలు, మొత్తం పెట్టడం దండగ, ఈ సీజన్ డెలివరీ కానివి వరకు చాలు.

9 డిస్కుల లెక్క ఒక పేపర్ మీద రాసి పంపండి. షాపులో ఒక కాపీ, ఇంట్లో ఒక కాపీ ఉండేలా రెండు పెద్ద డిస్కులతో సరిపోతే వచ్చే ముహూర్తాల అడ్వాన్సుల్లోంచి ఒక్కోటీ కొనేద్దాం, సరిపోకపోతే అప్పుడు నాస్ గురించి మళ్లీ మాట్లాడదాం.