టీ ఒలికి కాలితే బాధ్యత ఎవరిది? ఒక టీ హోటల్ మనిషి జవాబు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. హోటల్లో సర్వర్ చేతిలో ట్రే వాలి మీ నాన్నగారి తొడ మీద టీ పడింది, బొబ్బలెక్కాయి, యజమాని మందుల ఖర్చు కూడా ఇవ్వనంటున్నాడు. ఇది మొదటిది. “అమెరికాలో ఒకావిడ కాఫీ ఒలకబోసుకుని కోట్లు కొట్టేసిందట, మనకెందుకు రాదు” అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నది. యజమానే ఇవ్వాలి. పనివాడు పనిలో ఉండగా చేసిన పొరపాటుకు యజమాని జవాబుదారీ. “కుర్రాడు కొత్తవాడండీ” అనడం సాకుగా కూడా నిలవదు, కొత్తవాడి చేతికి నిండు ట్రే ఇచ్చింది ఎవరు మరి? రెండోదానికే కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ కథ మన దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది.

మాది ఒంగోలులో టీ హోటల్. నాన్న తర్వాత గల్లాపెట్టె దగ్గర చాలాకాలం కూర్చున్నవాణ్ని కాబట్టి నా మొగ్గు యజమానుల వైపు ఉంటుందని మీరు అనుకోవచ్చు. లోపలి సంగతులు తెలిసినందువల్లే అలా ఉండదు. గిరాకీ పల్చగా ఉన్నప్పుడు మాస్టర్ టీని మగ్గులోంచి మగ్గులోకి సాగదీసి పోస్తాడు. నురగ వస్తుంది, కొంత వేడీ దిగుతుంది. పొద్దున్నే బస్సులన్నీ ఒక్కసారి వచ్చి పడితే సాగదీయడానికి తీరిక ఎక్కడిది? మరుగుతున్న గిన్నెలోంచి వడకట్టి నేరుగా గ్లాసులోకే. అదే టీ, అదే ధర, వేడి మాత్రం వేరు. ఆ తేడా తాగేవాడికి తెలిసే దారి లేదు, నోటికి తగిలితేనో ఒంటి మీద పడితేనో తప్ప.

పార్సిల్ సంగతి ఇంకా ఘోరం. పల్చటి ప్లాస్టిక్ కవర్లో టీ పోసి, మూతికి దారం గట్టిగా చుట్టి చేతికిస్తారు. అప్పుడే నింపిన కవరు అరచేతిలో పెట్టుకుని చూడండి, వేడికి మెత్తబడి జారిపోతున్నట్టు ఉంటుంది. దాన్ని స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించుకుని పోతుంటే సరిగ్గా మోకాలి పక్కన ఊగుతూ ఉంటుంది. అది చిట్లితే “చూసుకుని పట్టుకెళ్లాలి కదా” అంటారు. ఆ కవరు కొన్నది హోటల్. ఎంత పల్చటిది కొంటే ఎంత మిగులుతుందో లెక్క వేసుకున్నదీ హోటలే. మేం ఫ్లాస్కు తెచ్చుకున్నవాళ్లకే పార్సిల్ ఇచ్చేవాళ్లం. పక్క హోటల్ వాళ్లకు అది మహా సంతోషంగా ఉండేది.

నా ఉద్దేశంలో లెక్క ఇది: టీ వేడిగా ఉంటుందన్నది ఇద్దరికీ తెలుసు. కానీ ఎంత వేడిగా, దేనిలో పోసి, ఏ మూత పెట్టి, ఎక్కడ ఉంచి, ఎలా అందించాలన్నది అమ్మేవాడు ఒక్కడే నిర్ణయిస్తాడు. కాబట్టి వాటివల్ల జరిగిన దానికి జవాబు చెప్పాల్సిందీ అతడే.

ఇప్పుడు అమెరికా కథ. 1992 ఫిబ్రవరి, న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీ. స్టెల్లా లీబెక్‌కు 79 ఏళ్లు. ఆమె కారు నడపడం లేదు, మనవడి పక్క సీట్లో కూర్చుంది. కారు ఆగే ఉంది. 49 సెంట్లకు కొన్న మెక్‌డొనాల్డ్స్ కాఫీ కప్పును మోకాళ్ల మధ్య పెట్టుకుని, పాలు, పంచదార కలుపుకొందామని మూత తీయబోతే మొత్తం ఒళ్లో ఒలికింది. వేసుకున్న నూలు ప్యాంటు కాఫీని పీల్చుకుని ఒంటికి అంటుకుపోయింది. శరీరంలో 6 శాతం మేర చర్మం పూర్తి లోతున కాలింది. 8 రోజులు ఆసుపత్రిలో ఉంది, చర్మం తీసి అతికించారు. ఆమె మొదట అడిగింది 20 వేల డాలర్లు. కంపెనీ ఇస్తానన్నది 800.

కోర్టుకెక్కాక బయటపడ్డ సంగతులు వేరే. కాఫీని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలన్నది కంపెనీ నియమం. కాలిపోయామంటూ అంతకుముందు పదేళ్లలో 700కు పైగా ఫిర్యాదులు వచ్చి ఉన్నాయి. 88 డిగ్రీల కాఫీ మూడు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చగలదని, 71 డిగ్రీలైతే 20 సెకన్లు పడుతుందని ఆమె వైపు వాదించారు. ఆ 20 సెకన్లలో మనిషి లేచి బట్టలు లాగేసుకోగలడు. మూడు సెకన్లలో ఏం చేయగలడు? 1994లో జ్యూరీ (అక్కడ తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) నష్టాన్ని 2 లక్షల డాలర్లుగా కట్టి, 20 శాతం తప్పు ఆమెదేనంటూ 1,60,000కు తగ్గించింది. ఈ సంగతి మన వాట్సాప్ కథల్లో ఎక్కడా కనిపించదు. దండనగా వేసిన 27 లక్షల డాలర్లు కంపెనీకి సుమారు రెండు రోజుల కాఫీ అమ్మకాలు. జడ్జి దాన్నీ 4,80,000కు కోశారు. ఆఖరికి రెండు పక్షాలూ మొత్తం బయటపెట్టకుండా రాజీపడ్డాయి. కోట్లు కొట్టేసిందన్న మాట ఎక్కడ పుట్టిందో అర్థమైంది కదా.

అన్నిచోట్లా ఇదే తీర్పు వస్తుందనుకోకండి. బ్రిటన్‌లో 36 మంది, వారిలో చాలామంది చిన్నపిల్లలు, అదే కంపెనీ మీద వేసిన దావాను 2002లో హైకోర్టు కొట్టేసింది. జనం వేడివేడిగానే కోరుకుంటారు, కప్పు, మూత సరిగ్గానే ఉన్నాయి అంది. 2025 మార్చిలో లాస్ ఏంజెలెస్ జ్యూరీ మాత్రం ఒక డెలివరీ డ్రైవరుకు 5 కోట్ల డాలర్లు ఇవ్వాలని స్టార్‌బక్స్‌ను ఆదేశించింది. కిటికీలోంచి అందించిన ట్రేలో ఒక కప్పు సరిగా దిగలేదన్నది అతడి వాదన. రెండు చోట్లా కోర్టులు చూసింది పాత్రనూ అందించిన తీరునూ అని గమనించండి.

విమానం ఎక్కితే లెక్క ఇంకా తేలిక. స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవి నుంచి వియన్నాకు వెళ్తున్న విమానంలో తండ్రి ముందున్న బల్ల మీది కాఫీ కప్పు పక్కనున్న ఆరేళ్ల పాప మీద ఒలికింది. బల్ల లోపమా, కుదుపా అన్నది తేలలేదు. తేలక్కర్లేదు, విమాన ప్రయాణికుల నష్టపరిహారం గురించి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమాన సంస్థ జవాబు చెప్పాల్సిన ప్రమాదమే అది అని 2019 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. భారత్ కూడా 2009లో ఆ ఒప్పందంలో చేరింది కాబట్టి గల్ఫ్‌కు, అమెరికాకు తిరిగే మనవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది.

మా ఇంట్లోనూ ఒకటి జరిగింది. పెళ్లికి వెళ్తే ఫంక్షన్ హాల్లో టీ డ్రమ్మును మడతబల్ల మీద పెట్టారు. బల్ల మీద గుడ్డ నేలదాకా వేలాడుతోంది. మా అక్క కూతురు చిన్నది, ఆ గుడ్డ పట్టుకుని లాగింది. డ్రమ్ము పడలేదు గానీ ఒరిగింది, కుళాయి ఊడి టీ చేతి మీద పడింది. ఒకరు టూత్‌పేస్టు, ఒకరు ఐసు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అక్క ఎవరి మాటా వినకుండా పాప చేతిని కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచింది. చేయాల్సింది అదే.

క్యాటరింగ్ కాంట్రాక్టరు “పిల్లను వదిలేసింది మీరే” అన్నాడు. బావ సగం ఒప్పేసుకున్నాడు కూడా. నాకు ఒళ్లు మండింది. పెళ్లిలో పిల్లలు పరిగెత్తుతారని పెళ్లిళ్లు చేసేవాడికి తెలియదా? బల్లను గోడకు ఆనించి ఆ గుడ్డ తీసేస్తే సరిపోయేది కదా? పైగా డబ్బు కట్టింది పెళ్లివారు కదా, మీరు అతిథులే కదా అని లా పాయింటు తీశాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు కట్టినవారినే కాదు, వారి అనుమతితో సేవ అందుకున్నవారినీ వినియోగదారులుగానే చూస్తుంది. బల్ల ఫొటో చూపించి ఈ మాట చెప్పాక ఆసుపత్రి బిల్లు కట్టాడు, గొణుక్కుంటూనే.

అదే చట్టంలోని 87వ సెక్షన్ గురించి మీ హోటల్ యజమాని చెప్పవచ్చు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారును తప్పుపట్టలేరని అందులో ఉంది. అది హెచ్చరిక గురించి. ట్రే వాల్చడం గురించి కాదు.

తాగేవాడి వాటా లేదని అనను. గ్లాసు చేతికి అందాక ఫోను చూస్తూ ఒలకబోసుకుంటే అది హోటల్ నెత్తిన రుద్దకూడదు. మీ నాన్నగారి విషయంలో ఆ ప్రసక్తే లేదు. ఇంకో మాట, ఎవరూ అడగనిది: ఏ టీ మాస్టర్ ముంజేతులైనా చూడండి, మణికట్టు నుంచి మోచేతిదాకా నల్లటి, తెల్లటి మచ్చలు. పనిలో గాయపడ్డవాడికి పరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉంది. ఎన్ని హోటళ్లలో ఇచ్చారో మా వీధి మొత్తానికీ తెలుసు.

మీరు చేయాల్సింది: హోటల్ బిల్లు, ఆసుపత్రి కాగితాలు, గాయం ఫొటోలు తేదీలతో దాచండి. ముందు యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, సగం గొడవలు అక్కడే తెగుతాయి. తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. హోటల్లో సీసీ కెమెరా ఉంటే ఆ రోజు రికార్డు భద్రపరచమని నోటీసులోనే అడగండి. చాలాచోట్ల కొద్ది వారాల్లోనే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది, కాబట్టి ఈ ఒక్క పని మాత్రం రేపటికి పెట్టకండి.