పారిస్‌లో నోరు పెగలడం లేదా? ముందు 'అమెలీ' చూడు తమ్ముడూ

వచ్చి రెండు నెలలైనా క్లాసు, గది తప్ప మరో లోకం లేదని, షాపులో నోరు పెగలడం లేదని రాశావు. ఇంటర్ దాకా హాస్టల్లో స్టడీ అవర్సు, ఇంటికొస్తే అమ్మ కంచంలో వడ్డించడం, బ్యాంకు పనులన్నీ నాన్నే చూసుకోవడం. ఇలా పెరిగినవాళ్లకి ఈ బెరుకు ఉంటుంది. టెన్షన్ పడకు.

ఈ ఆదివారం 'అమెలీ' చూడు. 2001లో వచ్చిన ఫ్రెంచ్ కామెడీ. అందులో డాక్టరైన తండ్రి పరీక్ష చేసేటప్పుడు తప్ప కూతుర్ని దగ్గరికి తీసుకోడు. ఆ కాస్త స్పర్శకే పిల్ల గుండె దడదడలాడితే, జబ్బేనని తేల్చేసి బడికి పంపడు. తోటిపిల్లలు తెలియకుండా పెరిగిన ఆ అమ్మాయి పెద్దయ్యాక పారిస్‌లోనే ఉన్న మోన్‌మార్త్ర‌లోని కెఫేలో పనికి చేరుతుంది. చాటుగా ఎంతోమందికి మేలు చేస్తుంది. కానీ మనసుపడ్డ కుర్రాడు కెఫేకొచ్చి, ఈ ఫోటోలో ఉన్నది మీరేనా అని అడిగితే కాదని తలూపేస్తుంది. నాకు సినిమా మొత్తంలో గుచ్చుకున్న చోటు అదే. ఎముకలు పెళుసుబారే జబ్బుతో ఏళ్లుగా గడప దాటని పక్కింటి పెద్దాయన ఆమెకి చివర్లో ధైర్యం చెబుతాడు: నీ ఎముకలు గాజువి కావమ్మా, దెబ్బ తగిలినా తట్టుకోగలవు అని. ఆ మాట నీకూ చెబుతున్నాను.

ఇక నువ్వు చేయాల్సింది. మీ వీధి చివర బేకరీ ఒకటి ఎంచుకుని రోజూ అక్కడికే వెళ్లు. లోపల అడుగుపెట్టగానే 'బోంజూర్' (నమస్కారం) అను. కావాల్సింది అడగడం ఆ తర్వాతే. ఇక్కడ పలకరించకుండా నేరుగా సరుకు అడగడం మర్యాద కాదు, ఇంగ్లిష్‌లో 'ఎక్స్‌క్యూజ్ మీ' అన్నా ఆ లోటు తీరదు. 'ఊన్ త్రాదిసియోన్, సిల్ వు ప్లే' (ఒక త్రాదిసియోన్ ఇవ్వండి, ప్లీజ్) అని అడిగితే మామూలు బగెత్, అంటే పొడవాటి ఫ్రెంచ్ రొట్టె, కంటే రుచైన రొట్టె ఇస్తారు. వచ్చేటప్పుడు 'మెర్సీ, బోన్ జూర్నే' (థాంక్స్, మీ రోజు బాగా గడవాలి) అను. వ్యాకరణం తప్పితే తప్పనీ. ముఖం గుర్తుపట్టాక వాళ్లే నిన్ను పలకరిస్తారు, అక్కడి నుంచి మాటలు వాటంతటవే కలుస్తాయి.

పప్పులు, కరివేపాకు కోసం పారిస్‌లోనే ఉన్న లా షాపెల్‌లో తమిళుల షాపులకి వెళ్లు, అక్కడే వినాయకుడి గుడి కూడా ఉంది. మనవాళ్లతో కలిసి వండుకుని తినడం మంచిదే. కానీ వారమంతా ఆ ఫ్లాట్‌లోనే తెలుగులో గడిపేస్తే ఫ్రెంచ్ ఎప్పటికి వస్తుంది?

పార్ట్‌టైం గురించి అడిగావు. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 964 గంటల వరకు చేయొచ్చు. ఫ్రెంచ్ మాటొస్తే కెఫేల్లో, షాపుల్లో పని దొరకడం తేలిక.

ఒకటి మాత్రం వెంటనే చూసుకో. లాంగ్ స్టే వీసాని దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. నీకిప్పటికే రెండు నెలలు దాటాయి. దీనికి ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు, డబ్బు కూడా అక్కడే కార్డుతో కట్టొచ్చు. ఈ రాత్రే కూర్చుని పూర్తి చేసి, వచ్చే పీడీఎఫ్‌ని ఇంట్లోవాళ్లకి కూడా ఒక కాపీ పంపి ఉంచు.