పాడ్‌కాస్ట్‌లో కథ నడపడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్వయంగా పాడ్‌కాస్ట్‌లు చేస్తున్న పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కథన పద్ధతికి సంబంధించిన వాటిని ఈసారి ఎంచుకున్నాం. చాలా ఉత్తరాలు ఒకే చిక్కును వేర్వేరు మాటల్లో చెప్పాయి కాబట్టి మొదటి ప్రశ్నకు కాస్త విస్తారంగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: గోదావరి జిల్లాల చరిత్ర మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట గురించి నలభై నిమిషాల ఎపిసోడ్ చేశాను. కాటన్ దొర పుట్టుకతో మొదలుపెట్టి అన్నీ కాలక్రమంలో చెప్పాను. వివరాల్లో తప్పులేమీ లేవు. అయినా ఎక్కువమంది ఐదారు నిమిషాలకే ఆపేస్తున్నారు. నేపథ్య సంగీతం పెంచితే నిలబడతారని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సంగీతం సంగతి తరువాత చూద్దాం. మీ ఎపిసోడ్‌లో లోపించింది శ్రోత మనసులో ఉండవలసిన ప్రశ్న. ఆర్థర్ కాటన్ 1803లో పుట్టాడని మీరు మొదటి నిమిషంలోనే చెప్పారు. ఆ మనిషి ఎందుకు ముఖ్యుడో ఇంకా తెలియని శ్రోతకు ఆ సంవత్సరంతో పనేమిటి? పుస్తకం చదివేవారు విసుగు పుడితే నాలుగు పేజీలు తిప్పి ముందుకు వెళ్లగలరు, సందేహం వస్తే వెనక్కి రాగలరు. వినేవారికి ఆ వీలు ఉన్నా వంట చేస్తూనో బస్సులో నిలబడో వింటారు కాబట్టి దాన్ని వాడుకోరు, ఆపేస్తారు. అందువల్ల ఏ సంగతి ముందు చెప్పాలి, దేన్ని ఎంతసేపు దాచి ఉంచాలి అని తేల్చుకోవడమే పాడ్‌కాస్ట్ రచనలో అన్నిటికంటే పెద్ద పని అని మా అభిప్రాయం.

మీ విషయంలోనే గొప్ప ప్రశ్న ఒకటి ఉంది. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు తుడిచిపెట్టింది, ఆ దశాబ్దంలో గోదావరి తీరమూ క్షామంతో అల్లాడింది, 1839లో కోరంగి వైపు తుపాను విరుచుకుపడింది. ఆ ఏళ్లన్నిటా గోదావరి నిండుగా ప్రవహించి సముద్రంలో కలుస్తూనే ఉంది. అంత పెద్ద నది పక్కన ఉండి కూడా మనుషులు ఆకలితో ఎలా చనిపోయారు? ఈ ప్రశ్నను మొదటి రెండు నిమిషాల్లో శ్రోత ముందు పెట్టండి, జవాబు మాత్రం వెంటనే ఇవ్వకండి. వరద కాలంలో పొలాలను ముంచెత్తే నీరు, వరద తీశాక కాలువలకు అందనంత దిగువకు పోతుందని శ్రోతకు మెల్లగా అర్థం కావాలి. అప్పుడు నీటి మట్టాన్ని పైకి లేపే కట్టడం ఒకటి కావాలన్న ఆలోచన మీరు చెప్పకముందే అతనికి తట్టవచ్చు. అలా తట్టినప్పుడు అతను ఎపిసోడ్ ఆపడు.

కాటన్ అప్పుడు రావాలి. అంతకుముందు కావేరి ప్రాంతంలో కొల్లడం మీద ఆనకట్టలు కట్టించిన అనుభవం ఆయనకు ఉంది. ఆయన గత జీవితంలో ఈ కథకు నిజంగా కావలసిన ముక్క అదే, పుట్టిన సంవత్సరానికి ఎక్కడైనా అర వాక్యం చాలు. ఆయన 1845లో నివేదిక ఇచ్చాడు, 1847లో పని మొదలైంది, 1852లో ఆనకట్ట పూర్తయింది. ఈ మూడు సంవత్సరాలనూ ఒకే ఊపిరిలో చెప్పేస్తే కథ అక్కడే ముగిసిపోతుంది. ప్రతి రెండింటి మధ్యా ఒక అడ్డంకిని చూపించండి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను కలుపుకుంటూ ఆ కట్టడం ఎందుకు సాగవలసి వచ్చిందో వివరించడానికే పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలూ శ్రోత ఆసక్తిగా వింటాడు. పనుల్లో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నను మీరు చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆయనను మధ్యలోకి తీసుకురండి. దొర గీసిన పటం వేలమంది కూలీల చేతుల మీదుగా రాతి కట్టడంగా మారిన తీరు ఆయన వైపు నుంచి చూస్తేనే స్పష్టమవుతుంది.

అంకెల గురించి ఒక మాట. 1821లో అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308 అనీ, 1841 నాటికి అది 5,61,041కి పడిపోయిందనీ మీరు చదివి వినిపించారు. చెవి ఆ రెండు సంఖ్యలను పట్టుకుని తీసివేత చేయలేదు. ఇరవై ఏళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేకుండా పోయారని చెప్పి, ఒక్క క్షణం ఆగండి. ఇక సంగీతం గురించి అడిగారు కాబట్టి: అటువంటి వాక్యం కింద విషాద సంగీతం పెడితే ఎలా బాధపడాలో శ్రోతకు మీరే నేర్పినట్లవుతుంది. ఒక ఘట్టం ముగిసి మరొకటి మొదలయ్యే చోట కొన్ని క్షణాల పాటు వాడితే చాలు.

ప్రశ్న: రాసుకుని చదివితే పాఠం అప్పజెప్పినట్లు ఉంటోంది. రాయకుండా మాట్లాడితే దారి తప్పుతున్నాను.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: రాసుకోండి, కానీ పైకి చెబుతూ రాసుకోండి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, నామవాచకానికి ముందు విశేషణాలు పేర్చుకుంటూ పోతే అసలు మనిషి ఎవరో తెలిసేలోపు శ్రోత అలసిపోతాడు. ‘కావేరి మీద పనిచేసిన అనుభవంతో 1845లో నివేదిక సమర్పించిన, తరువాత ఆనకట్ట కట్టించిన కాటన్’ అన్న వరుస అచ్చులో ఇబ్బంది పెట్టదు, చెవిలో మాత్రం బరువుగా ఉంటుంది. అదే ‘కాటన్ కావేరి దగ్గర పనిచేశాడు, అక్కడ నేర్చుకున్నది పట్టుకుని గోదావరికి వచ్చాడు, నదంతా తిరిగి చూసి నివేదిక రాశాడు’ అంటే ఒక్కొక్క అడుగూ జరిగిన క్రమంలోనే చెవికి చేరుతుంది. చూసి, అడిగి, వెళ్లి అనే అసమాపక క్రియలు మన భాష కథకులకు ఇచ్చిన గొప్ప వసతి. వాటితో ఎంత పొడుగు వాక్యమైనా వినేవారిని వెంట తీసుకుపోతుంది. అమ్మమ్మలు చెప్పిన కథల్లో వాక్యాలు పొట్టివి కావు, అయినా పిల్లలకు ఎక్కడా అర్థం కాకుండా పోలేదు.

ప్రశ్న: పోచంపల్లి దగ్గర ఒక పెద్దాయనతో, తరతరాల నేత కుటుంబం వారిది, గంటన్నర సంభాషణ రికార్డు చేశాను. చెప్పినవన్నీ విలువైనవే. కానీ వింటే అంతా ఒకే తీరుగా ఉంది. దీన్ని కథగా ఎలా మార్చాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మీరు పంపిన ప్రశ్నల జాబితా చూశాం. ‘నేతన్నల కష్టాల గురించి చెప్పండి’, ‘నేటి తరానికి మీరిచ్చే సందేశం ఏమిటి’ అని అడిగితే ఎంతటి అనుభవజ్ఞులైనా సభల్లో చెప్పే మాటలే చెబుతారు. వీలైతే ఆయన దగ్గరికి మరోసారి వెళ్లి, జరిగిన సంగతులను అడగండి. మొదటిసారి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న రోజున పక్కన ఎవరున్నారు? చివరగా మగ్గం మీద నుంచి కోసిన చీర ఏ రంగుది, ఎవరికిచ్చారు, చేతికి ఎంత వచ్చింది? పిల్లలు తాము ఈ పని చేయబోమని చెప్పిన రోజున ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? జవాబు ఇచ్చాక వెంటనే మరో ప్రశ్న వేయకుండా కాసేపు మౌనంగా ఉండండి, ఆ మౌనం తరువాతే చాలామంది అసలు సంగతి చెబుతారు.

అన్నీ చేతికి వచ్చాక, ఏదో ఒకటి మారిపోయిన ఘట్టం ఎక్కడుందో వెతకండి. ఆసు యంత్రం కనిపెట్టిన, మీ ప్రాంతానికే చెందిన చింతకింది మల్లేశం కథ ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని యంత్రంతోనో, 2017లో వచ్చిన పద్మశ్రీతోనో మొదలుపెడితే అది వార్త అవుతుంది. ఒక్క చీరకు ఆసు పోయడానికి మేకుల చుట్టూ నూలును తిప్పుతూ సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించవలసిన తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి దగ్గర మొదలుపెడితే, ఆ నొప్పి పోవాలని కొడుకుతో పాటు శ్రోత కూడా కోరుకుంటాడు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారయ్యే దాకా వదలకుండా వింటాడు. ఒక కోరిక, దానికి అడ్డు, దాని కోసం చెల్లించిన మూల్యం ఈ మూడూ మీ పెద్దాయన మాటల్లో ఎక్కడో తప్పక ఉంటాయి. ఉన్న చోట నుంచి ఎపిసోడ్ మొదలుపెట్టి, రికార్డు చేసిన గంటన్నరలో సగానికి పైగా వదిలేయడానికి సిద్ధపడండి. వదిలేసింది విలువ లేనిదని కాదు, ఈ కథకు చెందనిది, అంతే.

ఇంకొకటి. మగ్గం ఆడుతుండగా ఆయనతో మాట్లాడకండి. మాటల కింద మగ్గం చప్పుడు కలిసిపోతే, కూర్పులో ఒక్క వాక్యం తీసినా ఆ లయ తెగి చెవికి తెలిసిపోతుంది. మాటలు విడిగా, మగ్గం చప్పుడు విడిగా కనీసం రెండు నిమిషాలు, ఎవరూ మాట్లాడని గది నిశ్శబ్దం అర నిమిషం రికార్డు చేసుకోండి. మగ్గంలో నూలును మోసుకెళ్లే నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు మొదట కొద్ది క్షణాలు వినిపిస్తే, గదిని మీరు వర్ణించవలసిన పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: మేమిద్దరం స్నేహితులం కలిసి విజ్ఞాన శాస్త్ర విషయాలు చెబుతున్నాం. ఇద్దరం సిద్ధపడే వస్తాం. కానీ ఒకరి తరువాత ఒకరు ఉపన్యాసం ఇచ్చినట్లు ఉందంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీకు బుర్రకథే గురువు. తంబురా పట్టిన కథకుడికి ఇరువైపులా డక్కీలతో ఉండే వంతలు తాళం వేయడానికే లేరు. శ్రోతల్లో పుట్టిన సందేహాన్ని వారిలో ఒకరు సరైన క్షణంలో అడుగుతారు, మరొకరు హాస్యంతో బరువు దించుతారు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ వంటి కథకులు వేలమంది కూర్చున్న మైదానాల్లో రాత్రంతా కథ నిలబెట్టగలిగారంటే ఆ ఏర్పాటు బలం అందులో ఎంతో ఉంది. మీలో ఒకరు ఆ వారపు విషయాన్ని చదవకుండా రండి. అతనికి నిజంగా అర్థం కాని చోటే ప్రశ్న వేయాలి. తెలిసి తెలియనట్లు నటిస్తే శ్రోత వెంటనే కనిపెడతాడు. మరుసటి వారం పాత్రలు మార్చుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో చాలా ఏళ్ల కిందట జరిగిన ఒక హత్య మీద వరుస ఎపిసోడ్లు చేయాలనుకుంటున్నాను. ఆసక్తి కోసం సంభాషణలు కల్పించవచ్చా? ప్రతి ఎపిసోడ్‌నూ ఉత్కంఠతో ఆపవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: సంభాషణలు కల్పించకూడదు. కోర్టు పత్రాల్లో ఉన్న మాటను ఉన్నట్లు చెప్పండి. ఒకరి జ్ఞాపకం ఆధారంగా చెబుతుంటే అది వారి జ్ఞాపకమని చెప్పండి. మీ ఊహ అయితే ఊహ అని అనండి. అలా చెప్పడం వల్ల కథ పలచబడుతుందని భయపడవద్దు. 2014లో అమెరికాలో వచ్చిన ‘సీరియల్’ పాడ్‌కాస్ట్‌లో సారా కీనిగ్ తన సందేహాలను, ఎటూ తేల్చుకోలేకపోయిన సంగతిని దాచకుండా చెబుతూ పోయింది, ఆ నిజాయితీయే లక్షలమందిని వారం వారం కూర్చోబెట్టింది. ప్రసార రంగంలో పేరున్న పీబడీ పురస్కారం పొందిన మొదటి పాడ్‌కాస్ట్ అదే.

అయితే ఆ కథకు మరో వైపు ఉంది. 1999లో బాల్టిమోర్‌లో హత్యకు గురైన హే మిన్ లీ అనే విద్యార్థిని కేసు అది. 2022లో ఆ కేసు మళ్లీ కోర్టుకు వచ్చినప్పుడు, ఇది తనకు పాడ్‌కాస్ట్ కాదని, నిజ జీవితమని ఆమె సోదరుడు న్యాయమూర్తికి చెప్పుకున్నాడు. మీ ఊళ్లో చనిపోయిన మనిషి బంధువులు ఇప్పటికీ అక్కడే ఉండవచ్చు. మొదటి ఎపిసోడ్ రాయకముందే వారి దగ్గరికి వెళ్లండి. వారు వద్దంటే వేరే విషయం ఎంచుకోవడం మంచిదని మేము గట్టిగా నమ్ముతున్నాం. సమ్మతిస్తే, ఎపిసోడ్‌ను తేలని ప్రశ్న దగ్గర ఆపండి. ‘ఆ రాత్రి ఆ ఇంటికి తాళం వేసింది ఎవరు?’ అన్న ప్రశ్న కేసులో నిజంగా మిగిలి ఉంటే దాని దగ్గర ఆగడం న్యాయమే. జవాబు మీకు ముందే తెలిసి, దానిలో విశేషమేమీ లేదని కూడా తెలిసి, కేవలం వచ్చే వారానికి రప్పించడానికి ఆపితే శ్రోత ఒకసారి వస్తాడు, రెండోసారి రాడు.

ప్రశ్న: ఎపిసోడ్ ఎంతసేపు ఉండాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మొదట్లో లేవనెత్తిన ప్రశ్నకు జవాబు దొరికిన తరువాత రెండు నిమిషాలకు మించి ఉండకూడదు. ఆ జవాబు పన్నెండో నిమిషంలో దొరికితే పద్నాలుగు నిమిషాల ఎపిసోడ్ చేయండి, యాభయ్యో నిమిషంలో దొరికితే యాభై రెండు నిమిషాల దాకా వెళ్లండి. ప్రచురించే ముందు ఆ విషయం బొత్తిగా తెలియని ఒకరిని పక్కన కూర్చోబెట్టి వినిపించండి. వారి చెయ్యి ఫోన్ వైపు వెళ్లిన నిమిషాన్ని కాగితం మీద రాసుకోండి. ఆ నిమిషంలో ఏ వాక్యం ఉందో చూసి, దాన్ని తీసేయండి, లేదా అంతకుముందే శ్రోతకు దాని అవసరం కలిగేలా ఏదైనా చెప్పండి.