ఆలస్యంగా వస్తున్నానని రిజైన్ చేయమంటున్నారు, ఇది చెల్లుతుందా?

కూకట్‌పల్లిలో బట్టల షోరూంలో మూడేళ్లుగా సేల్స్‌లో ఉన్నానని, ఆలస్యంగా వస్తున్నారంటూ రేపటి నుంచి రావద్దన్నారని, రిజైన్ లెటర్ కూడా రాసివ్వమంటున్నారని అడిగారు. ముందు ఆ లెటర్ మీద సంతకం పెట్టకండి. మిగతాది తర్వాత చూసుకుందాం.

నేను సికింద్రాబాద్‌లో ఒక రిటైల్ సంస్థ హెచ్‌ఆర్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఉద్యోగిని తీసేయడానికి చట్టం ఒప్పుకునే కారణాలు లేకపోలేదు. దొంగతనం, లెక్కల్లో మోసం, చెప్పాపెట్టకుండా పదేపదే మానేయడం, లైంగిక వేధింపులు, ఇవన్నీ అలాంటివే. అలవాటుగా ఆలస్యంగా రావడం కూడా తప్పు కిందికే వస్తుంది, అది మీరు ఒప్పుకోవాలి. వ్యాపారం తగ్గి మనుషులను తగ్గించుకోవడమూ సరైన కారణమే.

అయితే కారణం ఉన్నంత మాత్రాన సరిపోదు. మన తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం (1988) సెక్షన్ 47 ప్రకారం, ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసిన వాళ్లను తీసేయాలంటే సరైన కారణంతో పాటు నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ, నెల జీతం గానీ ఇవ్వాలి. ఏడాది దాటితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం కూడా ఉంటుంది. మీ మూడేళ్లకు 45 రోజులు. తప్పు చేశారని నోటీసు లేకుండా పంపాలంటే విచారణ జరిపి, సాక్ష్యంతో రుజువు చేయాలి. నోటిమాటతో "రావద్దు" అంటే చెల్లదు.

రాజీనామా అడిగేది ఇందుకే. మీరే మానేశారంటే నోటీసు లేదు, విచారణ లేదు. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత నిరూపించాల్సిన భారం మీ మీదే పడుతుంది. మా సంస్థలో క్యాష్ తగ్గిందని ఒక క్యాషియర్‌ను ఇలాగే రాసిమ్మన్నారు. ఆమె ఏడుస్తూనే, "ఆరోపణ కాగితం మీద ఇవ్వండి, జవాబు రాస్తాను" అంది. విచారణలో బిల్లింగ్ లెక్కలు తీస్తే ఆ తేడా వేరే షిఫ్ట్‌ది. ఆ రోజు ఆమె సంతకం పెట్టి ఉంటే దొంగ అన్న మాట మోస్తూ వెళ్లిపోయేది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

రేపు టైంకి డ్యూటీకి వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే "పనికి వచ్చాను, రానివ్వలేదు" అని యజమానికి అప్పుడే వాట్సాప్ చేసి, అదే విషయం స్పీడ్ పోస్ట్‌లో పంపండి. జవాబు రాకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లోని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లి, సెక్షన్ 48 కింద అప్పీలు ఎక్కడ వేయాలో అడగండి. ఆలస్యం చేయకండి. అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోయినా భయం లేదు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్ తీసుకెళ్లండి.