నల్లగొండ, పాలమూరు దారుల్లో కళ ఎక్కడ చూడాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కారులో నల్లగొండ మీదుగా పాలమూరు దాకా తిరగాలనుకుంటున్నాం. మా పెద్దమ్మాయికి బొమ్మలు వేయడమంటే ప్రాణం. తనకు చూపించడానికి మన జిల్లాల్లో ఆర్ట్ గ్యాలరీలేమైనా ఉన్నాయా? ఎవర్ని అడిగినా సాగర్ డ్యామ్, యాదగిరిగుట్ట అనే అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, మిర్యాలగూడ

జవాబు: గోడల నిండా పెయింటింగులు, పైన లైట్లు ఉండే పెద్ద గ్యాలరీయే కావాలంటే హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి, దానికోసం ఇక్కడ వెతుకుతూ సెలవులు పాడుచేసుకోవద్దు. ఇక్కడ చూడాల్సినవి వేరే ఉన్నాయి. బయల్దేరే ముందు ఇంట్లోనే పాపకు ఏలే లక్ష్మణ్ బొమ్మలు ఫోన్లో చూపించండి. ఆయనది ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం, తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసింది ఆయనే. ఆ బొమ్మల్లోని ముఖాలు, చీరకట్లు, బొట్లు మీకు దారి పొడవునా కనిపిస్తాయి, వాటిని గుర్తుపట్టే పని పాపకు అప్పగించండి.

ఇక నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే పానగల్ ఉంది. అక్కడ కనీసం సగం రోజు ఉండండి. ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలంలో కట్టింది, మూడు గర్భగుడులు ఒకే మండపం వైపు తెరుచుకుని ఉంటాయి. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడలాంటిది పొద్దంతా పడుతుంది, బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోయినా అది మాత్రం కదలదు. ఎందుకో వెంటనే చెప్పేయకండి. లోపలికి ఎండ నేరుగా వస్తోందా, స్తంభాల మధ్య నుంచి చెదిరిన వెలుతురు వస్తోందా అన్నది పిల్లలనే చూడనివ్వండి, జవాబు అందులోనే ఉంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్తేనే దాని సంగతి తెలుస్తుంది. మధ్యలో పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది పురాణ కథల శిల్పాలు, దాని పక్కనే ఉన్న పురావస్తు మ్యూజియం చూడొచ్చు. ఒక నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు చాలు. ఒకే రోజులో ఆరు చోట్లు చుట్టబెడితే పిల్లలకు గుర్తుండేది కారు సీటు ఒక్కటే. రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోకండి.

ప్రశ్న: పోచంపల్లి, గద్వాల రెండూ చూడాలని ఉంది. చీరలు కొనడం కన్నా నేత చూడాలన్నదే నా కోరిక. ముక్కూమొహం తెలియని వాళ్లింటికి వెళ్లి మగ్గం చూపించమంటే ఏమనుకుంటారో అని మొహమాటంగా ఉంది.
– ఒక గృహిణి, జడ్చర్ల

జవాబు: మొహమాటపడే వాళ్లు వెళ్తేనే మంచిది, ఇబ్బందంతా అది లేనివాళ్లతోనే. మగ్గం ఉన్న గది వాళ్ల ఇల్లు కూడా, అక్కడే పిల్లలు చదువుకుంటారు, పెద్దవాళ్లు పడుకుంటారు. గడప దగ్గర నిలబడి "అన్నా, కాసేపు చూడొచ్చా" అని అడగండి, ఒప్పుకుంటే చెప్పులు విప్పి లోపలికి వెళ్లండి. ఫోటో తీయాలంటే మళ్లీ విడిగా అడగండి. కొత్త డిజైన్ అయితే తీయొద్దనొచ్చు, అది వాళ్ల బతుకుతెరువు, నొచ్చుకోవద్దు. మీకోసం పని ఆపితే ఆ రోజు కూలిలో కొంత పోయినట్టే, అందుకని చేతులు ఆడుతుండగానే మాట్లాడటం నేర్చుకోండి.

పోచంపల్లిలో మగ్గం ఒక్కటే చూసి వచ్చేస్తే సగం కూడా చూడనట్టే. అసలు పనితనం మగ్గానికి ముందే ఉంది. డిజైన్‌ను ముందు గళ్ల కాగితం మీద గీసుకుంటారు, దాని ప్రకారం నూలుకు చిటికి కడతారు, అంటే రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, ఇంకో రంగు కోసం మళ్లీ కడతారు. చీర ఇంకా పుట్టనే లేదు, బొమ్మ మాత్రం దారాల్లో అప్పటికే సిద్ధంగా ఉంటుంది, నేసేటప్పుడు అది చోటు తప్పకుండా పడాలి. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) రెండింటికీ చిటికి కట్టిన చీర దొరికితే దగ్గర కూర్చుని చూడండి. ఒక్క పోగు జరిగినా పువ్వు అంచు చెదురుతుంది.

ఆసు పోయడం గురించి కూడా అడగండి. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ వేల సార్లు తిప్పాలి, ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే, భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తల్లి పడే ఆ బాధ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. వీలైతే పుట్టపాకకూ వెళ్లండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి చేసే తేలియా రుమాలు అక్కడిదే, 2020లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

గద్వాల పద్ధతి వేరు. చీర ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెండూ కలిసే చోటును వేలితో తడిమి చూడండి. విడిగా కుట్టినట్టు కాదు, నేతలోనే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా జోడు పంచెలు ఈ ఊరి నుంచే వెళ్తాయి, నియమనిష్ఠలతో నేస్తారు. మీకు జడ్చర్ల నుంచి గద్వాల దగ్గర, పోచంపల్లి హైదరాబాద్ అవతల పడుతుంది. కాబట్టి రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోవద్దు.

కొనాలనిపిస్తే కొనండి, బలవంతం లేదు. కానీ ఇంటికెళ్లి గంటసేపు చూసి, చివర్లో ధర సగానికి అడగడం మాత్రం తప్పు. ప్రింటు వేసిన నకిలీలు చాలా వస్తున్నాయి కాబట్టి ఒక గుర్తు చెప్తాను: నిజమైన ఇక్కత్‌లో, అంటే పోచంపల్లిలోలా దారాలకే ముందు రంగులద్ది నేసిన బట్టలో, రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త ఈకల్లా చెదిరి ఉంటాయి. అంచులు గీత గీసినట్టుండి, వెనక వైపు వెలిసినట్టుంటే అది ప్రింటే.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. శిల్పాలు చూసి గీయడం నేర్చుకుంటున్నాను. అలంపురం ఒక్కరోజు సరిపోతుందా? ఏ రోజు వెళ్లాలి?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: శుక్రవారం తప్ప ఏ రోజైనా వెళ్లు. అక్కడి మ్యూజియానికి సెలవు శుక్రవారమే. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. పేరులో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. ముందుగా గుళ్ల చుట్టూ ఊరికే ఒకసారి తిరుగు, పెన్సిల్ తీయకు. శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి పైకి లేస్తాయి. తారకబ్రహ్మ ఆలయం ఒక్కటే దక్షిణాది తీరులో ఉంటుంది, ఆ తేడా నీ కంటికే దొరకాలి. తర్వాత స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర కూర్చో, గోడల మీది దిక్పాలకులు, జాలీ కిటికీలు గీయడానికి పొద్దు చాలదు. పక్క వెలుతురులో శిల్పం లోతు తెలుస్తుంది, కాబట్టి గీసే పని పొద్దున, సాయంత్రం పెట్టుకుని నడినెత్తిన ఎండ ఉన్న వేళ మ్యూజియంలోకి వెళ్లు, అక్కడి నటరాజును వదలొద్దు. శ్రీశైలం ముంపులో పోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి నిలబెట్టిన సంగమేశ్వరాలయం కూడా అలంపురంలోనే ఉంది. ఒక్కరోజులో చూడగలవు గానీ గీయలేవు. రాత్రికి కర్నూలులో ఉండి మళ్లీ పొద్దున్నే రా.

ప్రశ్న: పిల్లలమర్రి శిల్పాల ఫోటోలు చూసి మా స్నేహితులంతా మహబూబ్‌నగర్ వెళ్దామంటున్నారు. అక్కడ ఉన్నది మర్రిచెట్టు కదా?
– ఒక ఉద్యోగి, కోదాడ

జవాబు: మీ అనుమానమే కరెక్ట్. ఊళ్లు రెండు. మహబూబ్‌నగర్ పక్కనున్నది పెద్ద మర్రిమాను, అక్కడా ఒక మ్యూజియం, ముంపు ఊరి నుంచి తెచ్చి కట్టిన రాజరాజేశ్వరాలయం ఉన్నాయి, అదీ చూడాల్సిందే. మీ ఫోటోల్లోని శిల్పాలు మాత్రం సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రివి అయ్యుంటాయి. అక్కడి ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించినవి. అదే జిల్లాలో ఫణిగిరి బౌద్ధ క్షేత్రం ఉంది, అక్కడ దొరికిన శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో పెట్టారు. అవి దొరికిన గుట్ట ఎక్కి స్తూపం, విహారాల పునాదులు చూడొచ్చు, నీళ్లు, టోపీ పట్టుకెళ్లండి. కోదాడ నుంచి పొద్దున్నే బయల్దేరితే సూర్యాపేట పిల్లలమర్రి, ఫణిగిరి రెండూ చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు.