పెరట్లో కోళ్లు కావాలనే చెల్లెలికి, వద్దనే భర్త గురించి

జమ్మికుంట దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వచ్చిన ఒక చెల్లెలి సందేహం ఇది. అద్దె ఇంటి వెనుక చిన్న పెరడు ఉంది, అందులో కోళ్లు పెంచుకోవాలని ఆమెకు ఎంతో ఇష్టంగా ఉంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెరిగిన భర్త మాత్రం వాసన వస్తుందని, ఖర్చని, పక్కింటివారు ఫిర్యాదు చేస్తారని అంటూ మాటను ముందుకు సాగనివ్వడం లేదు. ఆయనను ఎలా ఒప్పించాలని ఆమె అడిగింది.

చెల్లెమ్మా, నీ ఉత్తరం నిండా కోళ్లే ఉన్నాయి: ఏ జాతివి మంచివి, గూడు ఎంత ఉండాలి, రోజుకు ఎన్ని గుడ్లు వస్తాయి. నీ గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది. నాలుగు గంటలకే చీకటి పడుతుందని, ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లో మనిషి గొంతు వినబడదని రాశావు. ఆ వాక్యాన్ని మరిదిగారితో, అంటే మీ ఆయనతో, ఎప్పుడైనా అన్నావా? అని ఉండవనే నా అనుమానం, ఎందుకంటే నేను కూడా ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా ఆయనతో అనలేదు. ఒంటరిగా ఉందని చెప్పడానికి మనకు నోరు రాదు కానీ, కోళ్లు కావాలని అడగడానికి వస్తుంది.

నేను నర్సంపేట వైపు పల్లెలో పుట్టాను. మా ఇంట్లో ఎడ్లు, పొలం, పత్తి అమ్మిన డబ్బు అన్నీ నాన్న లెక్కలోవి. కోళ్లు మాత్రం అమ్మవి. గుడ్లు అమ్మినా, పండుగ ముందు పుంజును అమ్మినా, ఆ పైసలు అమ్మ కొంగుముడిలోకే వెళ్లేవి, వాటి గురించి నాన్న అడిగేవాడు కాదు. పొద్దుగూకే వేళకు నూకలు చల్లి, వచ్చినవాటిని లెక్కపెట్టి, గంప కింద కమ్మడం నా పని. ఒకటి తక్కువైతే వాడకట్టంతా తిరిగి వెతుక్కుని వచ్చేదాన్ని, ఆ వంకతో ప్రతి ఇంటి ముందూ నిలబడి నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. ఇక్కడ నాకు కరువైనది ఆ మాటలేనని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

సద్దుల బతుకమ్మ ఆడుకుని, దసరా చేసుకుని ఇక్కడి రెడింగ్ పట్టణంలో దిగిన నేను, అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పగానే దిగాలు పడిపోయాను. డిసెంబర్‌లో ఇక్కడ పగలు సుమారు ఎనిమిది గంటలే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి చీకటి పడి, ఎవరితోనైనా మాట్లాడాలని ప్రాణం కొట్టుకునే సమయానికి మన దగ్గర రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, ఊళ్లో అమ్మ నిద్రపోతూ ఉంటుంది. చీకటి పడ్డ తరువాతి ఈ రెండు మూడు గంటల గురించి కొత్తగా వచ్చేవారికి ఎవరూ ముందుగా చెప్పరు. వీసా గురించి, బ్యాంకు ఖాతా గురించి చెప్పేవారు వంద మంది ఉన్నారు.

తరువాత మేము సొంత ఇల్లు కొనుక్కున్నాక, ఒక రోజు ఆయన ఆఫీసులో ఉండగా నేను మూడు పెట్టలను తెచ్చి పెరట్లో వదిలాను. అవి పౌల్ట్రీ ఫారంలో ఏడాదిన్నర వయసు దాకా గుడ్లు పెట్టి, ఇక చాలని తీసివేసిన కోళ్లు. అలాంటివాటిని చంపకుండా ఇళ్లకు చేర్చే బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ అనే సంస్థ ఇక్కడ 2005 నుంచి ఉంది. మెడ మీద, వీపు మీద ఈకలు రాలిపోయి, గాలికే వణికే ఆ కోళ్లను చూసి నేను కరిగిపోయాను. మా ఆయన వంటింటి తలుపు దగ్గర బూట్లు కూడా విప్పకుండా నిలబడి వాటిని చూశారు. వాసన గురించి గానీ ఖర్చు గురించి గానీ ఒక్క మాట అనలేదు. "ఈ ఇంట్లో నన్ను అడిగే అవసరం లేదా?" అని మాత్రం అన్నారు. ఆ తరువాత చాలా రోజులు మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒంటరితనం పోతుందని కోళ్లను తెచ్చుకుంటే, ఉన్న ఒక్క తోడూ మౌనంగా కూర్చున్నాడు. అందుకే నీకు మొట్టమొదట చెప్పేది, తెచ్చాక ఆయనే అలవాటు పడతారనే లెక్క వేసుకోవద్దు.

తరువాత వచ్చింది నక్క. పల్లెలో మనకు పిల్లి, గద్ద, ముంగిస తెలుసు. ఇక్కడ పట్టణాల నడిబొడ్డున, వీధి దీపాల కింద నక్కలు తిరుగుతాయని నేను నమ్మలేదు. దుకాణంలో కోళ్ల జాలీ అని అమ్మే సన్నని తీగల జాలీతోనే ఆవరణ కట్టాను. ఆ జాలీ కోడిని లోపల ఉంచుతుంది కానీ నక్కను బయట ఆపలేదు, పళ్లతో కొరికి తెంపేస్తుంది. తెల్లవారి చూస్తే మూల దగ్గర జాలీ చిరిగి బయటికి వంగి ఉంది, గడ్డి మీద గోధుమరంగు ఈకలు కుప్పగా ఉన్నాయి, ఒక కోడి లేదు. మా ఆయన ఏమీ అనకుండా ఆ ఈకలను ఊడ్చి ఎత్తారు. నువ్వు మొదటి రోజే గట్టి వెల్డ్‌మెష్, అంటే తీగల కూడళ్లను వెల్డింగ్ చేసిన జాలీ, వేయించు, దాన్ని నేలమీద కూడా బయటివైపు అడుగు వెడల్పున పరిచి రాళ్లు పెట్టు, అప్పుడు నక్క తవ్వుకుని రాలేదు. గొళ్లెం కూడా గడియలాగా జారిపోయేది వద్దు, తాళం పడేది పెట్టు.

మిగిలిన అన్నం సంగతి ఇంకొకటి. మనకు అన్నం పారేయడమంటే పాపం, కోళ్లు ఉన్న ఇంట్లో పారేసే అవసరమే ఉండదు. ఇక్కడ మాత్రం వంటింటిలోకి వెళ్లి వచ్చిన ఏ పదార్థమైనా, అన్నమైనా కూరగాయ తొక్కలైనా, పెంపుడు కోళ్లకు పెట్టడం చట్ట విరుద్ధం. మాంసం, గుడ్లు, పాలు ఏవీ అడుగుపెట్టని, పూర్తిగా వీగన్ వంటిల్లు ఉన్నవారికే మినహాయింపు. 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చి దేశమంతా అల్లాడినప్పటి నుంచి ఈ విషయంలో కఠినంగా ఉంటున్నారు. కంచె అవతలి పెద్దావిడ చూసి చెప్పేవరకు నాకు ఇది తెలియదు. చెప్పడానికి వచ్చిన ఆమె టీ తాగి వెళ్లింది, ఆ తరువాత మళ్లీ మళ్లీ వచ్చింది, ఈ దేశంలో నా మొదటి స్నేహితురాలు ఆమే అయింది.

మిగతా నియమాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, చూసుకో. ఒక్క కోడి ఉన్నా నమోదు చేయించాలని ఇంగ్లండ్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి నియమం ఉంది. నీది అద్దె ఇల్లు కనుక యజమాని అనుమతి కాగితం మీద తీసుకో. కొత్తగా కట్టిన ఇళ్ల దస్తావేజుల్లో కోళ్లు పెంచకూడదనే షరతు ఉండవచ్చు, అది కూడా అడుగు. పుంజు మాట ఎత్తవద్దు. గుడ్లకు పుంజుతో పని లేదు, తెల్లవారుజామున అది కూస్తే పక్కింటివారితో తగవు తప్పదు.

ఇప్పుడు మరిదిగారి సంగతికి వద్దాం. ఆయన చెప్పే మూడు కారణాల్లో రెండు, ఖర్చు, వాసన, నిజమే, వాటిని కాదని వాదించవద్దు. గుడ్లు ఇంట్లోనే వస్తే డబ్బు మిగులుతుందని ఆయనకు చెప్పాలనుకుంటున్నట్టు రాశావు. లెక్కలు వచ్చిన మనిషికి ఆ మాట చెబితే నీ మీద నమ్మకం పోతుంది. ఒక పెట్ట రోజుకు సుమారు 120 గ్రాముల మేత తింటుంది, అంటే మూడింటికి 20 కిలోల బస్తా రెండు నెలలు కూడా రాదు. గూడు, మెష్, రంపపు పొట్టు, మందులు వేరు. పైగా గుడ్డు పెట్టడానికి కోడికి రోజుకు 14 గంటల దాకా వెలుతురు కావాలి కనుక, శీతాకాలంలో మేత తింటూనే చాలా పెట్టలు గుడ్లు ఆపేస్తాయి. కోళ్ల వల్ల ఇంటికి డబ్బు రాదని నువ్వే ముందు ఒప్పుకో. ఆ తరువాత, ఆ సాయంత్రపు గంటలు నీకు ఎలా గడుస్తున్నాయో చెప్పు. తలుపు తీయగానే నీ వైపు పరిగెత్తుకొచ్చే ప్రాణి ఒకటి ఉండాలని ఉందని చెప్పు. మా ఆయనకు నేను ఈ మాట ఎంతో ఆలస్యంగా చెప్పాను. చెప్పిన రోజు ఆయన చాలాసేపు ఊరుకుని, "నువ్వు సంతోషంగానే ఉన్నావనుకున్నాను" అన్నారు.

వాసన విషయంలో నీ చేతుల్లో ఉన్నది చాలా ఉంది. రాత్రి కోళ్లు కూర్చునే కర్ర కింద ఒక పలక పెట్టి, ప్రతి ఉదయం దాని మీది రెట్టను గీకి తీసేస్తే వాసన దాదాపు ఉండదు. తడిసిన పొట్టును వెంటనే మార్చాలి. వేసవిలో ఎర్ర మైట్లు అనే సన్నని పురుగులు పడతాయి. పగలు అవి కర్ర చివర్ల పగుళ్లలో దాక్కుంటాయి కనుక కంటికి కనబడవు. చీకటి పడ్డాక టార్చి తీసుకుని వెళ్లి, ఆ కర్ర అడుగుభాగాన్ని తెల్ల కాగితంతో తుడిచి చూడు. కాగితం మీద రక్తపు చారలు పడితే అవి కోళ్ల రక్తం తాగుతున్నట్టే. ఇవన్నీ నీ పనులని ముందే చెప్పు, ఏ ఒక్కటీ ఆయన మీద వేయవద్దు. ఆయనకు ఉబ్బసం గానీ దుమ్ము పడకపోవడం గానీ ఉంటే మాత్రం, కోళ్ల ఈకల దుమ్ము నిజంగానే చేటు చేస్తుంది. అప్పుడు ఆయన మాట వినాలి.

ఆయన అయిష్టంలో బయటికి రాని ఇంకొక భయం ఉండవచ్చు. కోళ్లు ఉంటే సంక్రాంతికి ఊరికి ఎలా వెళ్తాం, మేడారం జాతరకు ఎలా వెళ్తాం అనే భయం అది, మా ఆయనకు అదే పెద్దది. కంచె అవతలి పెద్దావిడ మా కోళ్లను చూసుకుంటానని తానే ముందుకు వచ్చింది, బదులుగా ఆమె కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె పిల్లిని మేము చూస్తాం. నువ్వు కోళ్ల కంటే ముందు ఇలాంటి మనిషిని సంపాదించుకో. అందుకు మంచి మార్గం, మీ పేటలో కోళ్లు ఉన్నవారు సెలవుకు వెళ్లేటప్పుడు వాటిని చూసుకుంటానని నువ్వే అడగడం. ఒక వారం ఆ పని చేస్తే నీ సరదా ఎంత గట్టిదో నీకు తెలుస్తుంది, నువ్వు ఉదయాన్నే చలిలో లేచి వెళ్లడం మరిదిగారు కళ్లతో చూస్తారు.

2022 నవంబర్ 7న ఇంగ్లండ్ అంతటా కోళ్లను లోపలే ఉంచాలని ఆదేశం వచ్చింది, పక్షుల ఫ్లూ కారణంగా మరుసటి ఏప్రిల్ 18 వరకు అది అమలులో ఉంది. ఆవరణ పైకప్పు మీద పాలిథిన్ కప్పాలి, అడవి పక్షుల రెట్ట లోపల పడకూడదు. నేను ఒక్కదాన్నే నిచ్చెన మీద నిలబడి పట్టాతో గాలికి పోరాడుతుంటే, మా ఆయన బయటికి వచ్చి రెండో కొస పట్టుకున్నారు. ఆయనకు కోళ్లంటే ఈనాటికీ ఇష్టం లేదు, ఒక్క కోడిని కూడా చేత్తో ఎత్తలేదు, ఎత్తమని నేను అడగను. మీ ఆయన కూడా కోళ్లను ప్రేమించాలని కోరుకోవద్దు. నీకు అవి ఎందుకు కావాలో తెలిసి, సరే అంటే చాలు. ఆయన ఇంటికి వచ్చే సమయానికి నువ్వు పెరట్లో ఉండవద్దు. పగలంతా కోళ్లతో గడిపి, రాత్రి కూడా వాటి ముచ్చటే చెబితే, ఇంట్లో ఒంటరిగా మిగిలేది ఆయనే అవుతారు.

తెచ్చేటప్పుడు మూడుకు తక్కువ తేవద్దు. రెండే ఉండి ఒకటి పోతే, మిగిలిన కోడి మేత మానేసి మూల కూర్చుంటుంది, దాన్ని చూస్తూ నువ్వు ఉండలేవు. ఈ చలికాలంలో తొందరపడకు. పగలు పొడుగయ్యే ఏప్రిల్‌లో, టీకాలు వేసి గుడ్డుకు వచ్చిన పెట్టలు దొరుకుతాయి. అప్పటిదాకా మధ్యాహ్నం రెండింటికే, ఎండ ఉండగానే బయట నడిచి రా, కోళ్లున్న ఇల్లు కనబడితే తలుపు తట్టి పలకరించు. మరిదిగారితో మాట్లాడాక ఆయన ఏమన్నారో నాకు రాయి, పెరటి కొలతలు కూడా పంపు, గూడు ఎక్కడ పెట్టాలో చెబుతాను.