గోదావరి చేపల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ ఫైనల్ ఇయర్ చదువుతోంది. నదుల్లో చేపల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. డేటా సైన్స్‌లో ఎమ్మెస్సీ చేస్తే తొందరగా సెటిల్ అవుతుందని మా ఆలోచన. ‘చేపలు పట్టడానికి పీహెచ్‌డీ ఎందుకు?’ అని బంధువులు నవ్వుతున్నారు. రెండింటినీ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: పోల్చి చెబుతాను. కానీ మీ ఉత్తరం చదువుతుంటే కోర్సుల సంగతి కన్నా బంధువుల నవ్వే నాకు గట్టిగా వినిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఒకరి పిల్లలు పక్షులంటారు, ఇంకొకరి పిల్లలు రాళ్లంటారు. పెద్దవాళ్ల టెన్షన్ మాత్రం ఒకటే: ‘నలుగురూ అడిగితే ఏం చెప్పుకోవాలి?’ కాబట్టి ముందు నలుగురికీ ఏం చెప్పాలో చూద్దాం.

చేపల ఎకాలజిస్టు పని చేపలు పట్టడం అంటే, డాక్టరు పని సూదులు పొడవడం అన్నట్టు ఉంటుంది. ఏ చేప ఏ నీళ్లలో బతుకుతోంది, ఎప్పుడు గుడ్లు పెడుతోంది, ఎందుకు తగ్గిపోతోంది అన్నది తేల్చడం ఆ పని. భూమి ఉపరితలంలో నదులు, చెరువులు ఆక్రమించిన జాగా ఒక్క శాతం కూడా ఉండదు. లోకంలోని చేప జాతుల్లో దాదాపు సగం ఆ కాస్త నీటిలోనే ఉన్నాయి. వాటిలో పరిశీలించిన జాతుల్లో సుమారు నాలుగోవంతు అంతరించే ముప్పులో ఉన్నాయని ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2023లో లెక్క తేల్చింది.

అంత దూరం ఎందుకు, మీ ఊరి పులసనే తీసుకోండి. సముద్రంలో విలసగా తిరిగే చేప, గోదావరికి వరదల ఎర్రనీరు రాగానే ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. అక్కడ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి నదికి అడ్డుకట్ట ఉంది. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో వచ్చాక అక్కడ హిల్సా అని పిలిచే ఇదే చేపకూ ఎగువదారి మూసుకుపోయింది. ఇప్పుడు కోల్‌కతా దగ్గర బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఆ చేపల్ని తెచ్చి ఫరక్కా ఎగువన వదులుతున్నారు. చేపలు దాటడానికి ఆనకట్టలో దారి పెడితే ఎక్కుతాయా? గేట్లు ఏ నెలలో ఎంత ఎత్తాలి? గుడ్లు పెట్టే చోటు ఎక్కడుంది? ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతికే మనిషి కావాలని మీ అమ్మాయి అనుకుంటోంది. ఇందులో నవ్వడానికి ఏముంది?

నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి ఇప్పుడు ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేస్తోంది. ఒకసారి ఆమె పని చూడ్డానికి రేవుకు వెళ్లాను. తెల్లారకముందే పడవలు ఒడ్డుకొచ్చాయి. స్కేలు అంటించిన చెక్క మీద ఒక్కో చేపనూ పడుకోబెట్టి పొడవు చూస్తోంది, బరువు తూస్తోంది, పెన్సిల్‌తో రాసుకుంటోంది. తడి చేతుల్లో ఇంకు చెదిరిపోతుందట. ఒక శీలావతి ఒంటి మీంచి నాలుగు పొలుసులు తీసి చిన్న కవర్లో వేసుకుంది. తర్వాత ల్యాబ్‌లో ఆ పొలుసునే మైక్రోస్కోపు కింద పెట్టి చూడమంది. చెట్టు మొద్దు కోసినప్పుడు కనిపించే వలయాల్లాంటి గీతలు. ఒకచోట అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఇరుకైపోయాయి. ‘ఇక్కడ దీని ఎదుగుదల నెమ్మదించింది సార్, తిండి సరిగా దొరకని కాలం అయ్యుంటుంది’ అంది. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, నెలల తరబడి కొలిచిన చేపల లెక్కలు ఒక్కచోట చేర్చి లెక్కల నమూనా (మోడల్) నడిపింది.

ఇక మీ డేటా సైన్స్ దగ్గరికి వద్దాం. ఈ కోర్సు మీద నాకు చాలాకాలంగా అనుమానం ఉంది. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు అది మంచి చదువే, కాదనను. కానీ ‘అందరూ చేరుతున్నారు కదా’ అని చేరిన పిల్లలు రెండేళ్ల తర్వాత నా ముందుకొచ్చి ‘ఇప్పుడేం చేయమంటారు సార్?’ అని అడుగుతున్నారు. చేతిలో కోడింగ్ అనే పనిముట్టు ఉంది, దాంతో ఏం చేయాలో తెలియదు. ఆ పనిముట్టు కూడా ఏడాదికో రూపం మారుతోంది. నిన్నటిదాకా మనిషి కూర్చుని రాసిన కోడ్ ఇవాళ యంత్రమే రాసిపెడుతోంది. వలలో పడ్డ చేపను చూసి ఇది ఫలానా జాతి, దీని కడుపులో గుడ్లు పక్వానికొచ్చాయి అని చెప్పే కన్ను మాత్రం నీళ్లలో దిగితేనే వస్తుంది. పైగా చేపల పరిశోధనలో స్టాటిస్టిక్స్, ఉపగ్రహ మ్యాపులు, ప్రోగ్రామింగ్ ఎలాగూ నేర్చుకోవాలి. లీటరు నది నీరు వడగట్టి, అందులో దొరికిన డీఎన్‌ఏతో అక్కడ ఏ చేపలున్నాయో చెప్పే పద్ధతి కూడా వచ్చింది. మీరు కోరుకుంటున్న చదువులో చాలా భాగం ఆమె ఎంచుకున్న దారిలోనే ఉంది.

కష్టాలు దాచను. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ అయిదేళ్లు, ఆ పైన ఒకటి రెండు పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు. కుదురుకునేసరికి ముప్పై దాటుతుంది. పర్మనెంట్ పోస్టులు తక్కువ, మధ్యలో ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువ. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, పైన ఇంటద్దె. ఆ డబ్బు ఆలస్యంగా చేతికందడం కూడా మామూలే. మత్స్యశాఖ పోస్టులు చాలావాటికి బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) అడుగుతారు, కాబట్టి జువాలజీ అమ్మాయి ప్రతి నోటిఫికేషన్‌లో అర్హత చూసుకోవాలి. జువలాజికల్ సర్వేకు హైదరాబాద్‌లోనే మంచినీటి జీవుల కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోనే జీవకణాలు, డీఎన్‌ఏ మీద పరిశోధించే సీసీఎంబీ, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ, యూనివర్సిటీలు, పర్యావరణ కన్సల్టెన్సీలు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. దారి సన్నం, అంతేగాని మూసుకుపోయింది కాదు.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో బంధువులు అన్న మాట ఉంది, మీ ఆలోచన ఉంది. మీ అమ్మాయి ఏ చేప గురించి మాట్లాడుతోందో ఒక్క ముక్క లేదు. అడిగారా? ఇరవై ఏళ్లు పెంచిన పిల్ల ఏం చదవాలనుకుంటోందో తెలుసుకోకుండా, పండక్కి వచ్చి వెళ్లే వాళ్ల నవ్వుకు జవాబు వెతకడం తప్పండీ. ఆడపిల్ల, చీకట్లో రేవులూ పడవలూ అన్న భయం కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. అది న్యాయమైన భయమే. అయితే ఆ భయాన్ని ప్రశ్నలుగా మార్చి కాబోయే గైడ్‌నే అడగమనండి. ఫీల్డుకు ఎవరు తోడు వెళ్తారు? లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ప్రాజెక్టు డబ్బు ఎన్నేళ్లకు ఉంది? ఇంతకుముందు విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తిచేశారు? సూటిగా జవాబివ్వని గైడ్ దగ్గర చేరనివ్వకండి. సంస్థ పేరు కన్నా గైడ్ ముఖ్యం. పీహెచ్‌డీలు మధ్యలో ఆగిపోయినవాళ్లలో ఎక్కువమంది నాతో చెప్పుకున్నది గైడ్‌తో పడ్డ ఇబ్బందే.

అమ్మా, ఇది నీకు. ఫైనల్ పరీక్షలయ్యాక రెండు నెలల సమ్మర్ ప్రాజెక్టుకు ఇప్పుడే నలుగురు శాస్త్రవేత్తలకు మెయిల్ పెట్టు. వాళ్ల పేపరు ఒకటి చదివి, అందులో నీకు వచ్చిన సందేహంతో మొదలుపెట్టు. రెండు నెలలు ఎండలో, బురదలో, చేపల వాసనలో గడిపాక కూడా ఇదే కావాలనిపిస్తే నాన్నగారితో మళ్లీ మాట్లాడు. వద్దనిపిస్తే, డేటా సైన్స్ ఎక్కడికీ పోదు.

మీకు చివరగా ఒక పని చెబుతాను. ఎర్రనీరు వచ్చాక ఒకరోజు పొద్దున్నే ఇద్దరూ కలిసి రేవుకు వెళ్లండి. ఏ చేప ఏదో ఆమెను చెప్పనివ్వండి, మీరు వినండి. ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి.